ఎడమ ఫెండర్

స్స్స్...!

జాకీలో ప్రెషర్ వదిలింది.

పాత బెంజ్ కారు ఒక్క అంగుళం కిందికి దిగింది!

"ఏయ్! ఏం చేస్తున్నావ్? నేను కింద ఉన్నాను!"

తెలుసు. గ్రేస్‌కి బాగా తెలుసు. ముందు చక్రాలు ఊడదీసి ఉన్నాయి. బరువు మోసే ఇనప స్టాండ్లు రెండూ ఇందాకే లాగేసింది. ఇప్పుడు కారు ముందు బరువంతా ఒక్క జాకీ మీదే ఉంది... జాకీ రాడ్ ఆమె చేతిలో ఉంది!

ఆదివారం మధ్యాహ్నం రెండున్నర. చైతన్యపురి సందులో, గ్రేస్ వాళ్ల ఇంటి వెనక ఆమె తండ్రి కార్లకు సొట్టలు తీసే రేకుల షెడ్డు. షట్టర్ దించి ఉంది. పక్క హాస్టల్ కుర్రాళ్లు సందులో క్రికెట్ ఆడుతూ గోల చేస్తున్నారు. ఆ గోలలో ఈ అరుపులు ఎవరికి వినపడతాయి?

కారు కింద వెల్లకిలా పడుకున్నవాడు శ్రీకర్. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు షోరూములకు ఓనర్. పాత కార్ల ర్యాలీ కోసం రంగు వేయించడానికి ఈ బెంజ్‌ని తెచ్చాడు. ఆ వింటేజ్ ర్యాలీ ఫారానికి కారు ఫ్రేమ్ మీది నంబర్ ఫోటో కావాలి. పనివాళ్లు తీస్తే నచ్చదు దొరగారికి. తనే దూరాడు!

"జాకీ లేపు గ్రేస్! ఛాతీకి తగులుతోంది!"

"లేపుత. ఒక్కటి చెప్పు. లెఫ్ట్ ఫెండర్ గీకొద్దని ఎందుకన్నవ్?"

కారు కింద ఫోన్ టప్‌మని నేల మీద పడింది.

"అది... ఒరిజినల్ పీస్. పాడవుతుందని..."

స్స్స్... ఇంకో అర అంగుళం!

"నిన్న బాపు దవాఖానకు పోయిండు. నేను గీకిన."

చక్రం మీది ఆ రేకుకి రంగు నాలుగు పొరలు. దాని కింద వేలు మందాన పుట్టీ. పుట్టీ కింద సొట్ట. ఆ సొట్ట మడతలో... స్కూటర్ నంబర్ ప్లేట్ ముక్క!

317.

అన్న స్కూటర్ నంబర్‌లో చివరి మూడంకెలు. గ్రేస్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పదేళ్ల కిందట పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఆమె అన్న ఆనంద్ కుమార్‌ని ఎవరో గుద్దేసి పోయారు. గుర్తు తెలియని వాహనం అన్నారు. కేసు మూసేశారు. అప్పుడామె పదో తరగతి.

ఇంకెవడైనా అయితే ఆ ఫెండర్‌ని మర్నాడే పాత సామాన్లవాడికి వేసేవాడు. కానీ ఈ వింటేజ్ పిచ్చోళ్లు కారుతో పుట్టిన రేకుని పారేయరు! రేకు మారిస్తే ర్యాలీలో మార్కులు పోతాయి. ఆ మార్కుల కోసం సాక్ష్యాన్ని పదేళ్లు కవర్ కప్పి దాచుకున్నాడు, దరిద్రుడు!

"మా అన్నను గుద్దింది నువ్వేనా?"

"ఎవరు మీ అన్న? నాకేం..."

స్స్స్!

"నేనే! నేనే! తాగి నడిపాను! చాలా? లేపు!"

"అప్పటికి బతికే ఉన్నడా?"

గ్రేస్ రాడ్ మీద పట్టు బిగించింది.

"...చెయ్యి ఊపాడు."

చెయ్యి ఊపాడు! పిలిచాడు! వీడు కారెక్కి పోయాడు!

రాడ్ ఒక్క తిప్పు తిప్పితే చాలు...

"బిడ్డా! ఆగు!"

ఇంట్లోంచి షెడ్డులోకి వచ్చే తలుపు తెరుచుకుంది. తండ్రి కొమరయ్య. నలభై ఏళ్లుగా సొట్టలు తీసిన మనిషి. వెనకే తల్లి కాంతమ్మ.

"బాపూ, అన్నను సంపింది వీడే!"

కొమరయ్య ఎవడని అడగలేదు. ఎట్లా తెలిసిందని అడగలేదు. తల దించుకున్నాడు.

కారు కిందనుంచి దగ్గుతూ గొంతు వచ్చింది.

"ఆ రాత్రి సొట్ట పూడ్చిందెవరో... మీ నాన్ననే అడుగు!"

గ్రేస్ తండ్రి వైపు తిరిగింది.

"బాపూ...?"

"బర్రెకు తాకింది అన్నడు బిడ్డా. సుత్తె ఎత్తినంక ప్లేట్ ముక్క దొరికింది." కొమరయ్య తలెత్తకుండానే చెప్పాడు. "మన ఆనంద్ బండిదేనని నిలదీస్తె, నువ్వు ఏ బడికి పోతవో, ఏ దారిల పోతవో అన్నీ చెప్పిండు. నోరు తెరిస్తే నువ్వుండవన్నడు. కొడుకు పాయె. నిన్ను గూడ పోగొట్టుకోవాల్నా? ఆ ముక్కను పారెయ్య చాతగాలే... లోపల్నే పెట్టి పుట్టీ మెత్తిన."

"మళ్ల ఈ బండిని ఇంట్లకెట్ల రానిచ్చినవ్?"

"నా నోరు లేవదని వానికి తెల్సు. అందుకే నా తానకే తెచ్చిండు."

రాడ్ మీద గ్రేస్ వేళ్లు సడలాయి. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఎవరి మీద కోపం? ఎవరిని కొట్టాలి?

కాంతమ్మ ముందుకొచ్చింది. ఏడవడం లేదు. కూతుర్ని భుజంతో పక్కకు నెట్టి రాడ్ అందుకుంది.

"కాంతా, నేను..."

"పదేండ్లు నా పక్కల పండుకున్నవ్."

ఆమె కారు కిందికి చూపించింది.

"ఇయ్యాల వాని పక్కల పండుకో."



కొమరయ్య ఆమె మొహంలోకి చూశాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. వంగి... నేల మీద పడుకుని... కారు కిందికి జరిగాడు!

"వద్దమ్మా! పోలీసులకి నేనే చెప్తాను! అంతా చెప్తాను!" శ్రీకర్ గొంతు చిరిగిపోతోంది.

"అమ్మా, బాపు ఉన్నడు! అమ్మా!!"

గ్రేస్ రాడ్ కోసం తల్లి మీదికి దూకింది.

కాంతమ్మ చేతిలో రాడ్ పూర్తిగా తిరిగింది.

ధడ్!!!