అటక మీది నొప్పులు

2081 నాటికి కాకినాడలో ఎదురిల్లు అనే మాటకు అర్థం లేకుండా పోయింది. సముద్రం ఊళ్లోకి వచ్చేసి పాతికేళ్లయింది గనుక ఇళ్లన్నీ గొలుసులకు కట్టిన పడవల్లా తేలుతూ ఉండేవి. పొద్దున ఎదురుగా ఉన్నవాళ్లు పోటు వచ్చేసరికి పక్కింటివాళ్లయ్యేవారు. ఇచ్చిన కూరగిన్నె తిరిగి రావాలంటే ఆటుపోట్ల పట్టిక చూసుకోవాల్సిందే. అలాంటి ఊళ్లో హన్విత అనే యాభై తొమ్మిదేళ్ల ఇల్లాలు ఉండేది. ఆ పేరు వింటేనే ఎవరికైనా నెరిసిన ముడి గుర్తుకొచ్చేది. ఆ తరంలో వీధికి ముగ్గురు హన్వితలు మరి.

రొమ్ములో మొదలైన క్యాన్సర్ ఆమె కాలేయానికీ వెన్నెముకకీ పాకింది. మూడు వారాలకోసారి తేలే ఆసుపత్రికి వెళ్లి రెండు మందులు ఎక్కించుకుని వచ్చేది. అందులో కీమో పాతది, మొరటుది. దానికి జతగా నరంలోకి ఎక్కించే కొత్త యాంటీబాడీ ద్రవాన్ని జనం తోడుమందు అనేవారు. పాలు తోడుపెట్టినట్టే అక్కడా కొలత తప్పకూడదు. ఆ మందు క్యాన్సర్ కణాలను వెతికి పట్టుకుని కీమో వచ్చేదాకా కదలనివ్వదు. ఎక్కువైతే రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. తక్కువైతే పట్టుకున్నవి జారిపోతాయి. అందుకని నిమిషం నిమిషానికీ కొలత మార్చాలి. నాడి, ఒంటి వేడి యంత్రం చూసుకుంటుంది. వికారం, గుబులు, వేళ్ల తిమ్మిరి ఎంతున్నాయో మాత్రం మనిషే చెప్పాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఏ ఆడమనిషిని అడిగినా "ఫర్వాలేదండి" అనేది. శాస్త్రజ్ఞులు పదకొండేళ్లు ఆ ఒక్క మాటతో పోరాడి, ఓడిపోయి, చివరికి మెలకువగా ఉన్నవాళ్లను అడగడం మానేశారు.

అలా పుట్టింది స్వప్నపాఠకం. డ్రీమ్ రీడర్ అని కంపెనీవాళ్లు, కలపెట్టె అని మిగతా అందరూ అన్నారు. మందు ఎక్కుతున్నంతసేపూ మనిషిని పలచటి నిద్రలోకి దించి, ఆ కలలోకి అది చుట్టంలా వెళ్లేది. కలలో నేల ఊగుతుంటే వికారమన్నమాట. ముగ్గుపిండి వేళ్లలోంచి రాలకపోతే తిమ్మిరి. చూసిందాన్ని బట్టి మందు తగ్గించేది. కలలో ఎవరూ అబద్ధమాడలేరని దాన్ని కనిపెట్టినవాళ్ల నమ్మకం. చుట్టాలొస్తున్నారని తెలిసి గబగబా ఇల్లు సర్దిన అనుభవం వాళ్లలో ఒక్కరికీ లేదు.

ఆరోసారి హన్విత వెళ్లేసరికి డాక్టర్ తబస్సుమ్ ముఖం వాడిపోయి ఉంది.

"వరసగా రెండుసార్లు తెల్లకణాలు పడిపోయాయండి. ఇవాళ కూడా పడితే తోడుమందు ఆపెయ్యాలి. కాలేయంలో మచ్చలు సగానికి సగం తగ్గాయి. ఇప్పుడు ఆపితే మళ్లీ పెరుగుతాయి."

హన్విత చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"మీ కలల రికార్డు చూశాను. ఎక్కడా ఏ ఇబ్బందీ లేదు. ఇల్లు అద్దంలా ఉంది."

"మా ఇల్లెప్పుడూ అంతేనండి," అంది హన్విత, కాస్త గర్వంగానే. "కావాలంటే మా ఆయన్ని అడగండి. ఆయన వస్తువులు ఆయనకే దొరకవు."

"మరి అవన్నీ ఎక్కడ పెడతారు?"

"ఎవరైనా వస్తున్నారంటే అటకెక్కించేస్తాను."

తబస్సుమ్ చేతిలో కలం ఆగింది. "కలలో కూడానా?"

"కలైతే మాత్రం? వచ్చేది చుట్టమేగా."

డాక్టరు నవ్వలేదు. "ఇవాళ ఆ చుట్టానికి అటక చూపించండి."

"కొత్తగా వచ్చిన మనిషికా?"

"ఆరోసారి వస్తోందండి."

సూది దిగింది. మందు చినుకుల చప్పుడు మెల్లగా దూరమైంది. హన్విత ఇల్లు గొలుసు తెంచుకుని పాలనురుగు లాంటి మబ్బుల్లో తేలసాగింది. పెరట్లో ఆరేసిన చీరలు గాలి లేకుండానే ఊగుతున్నాయి. నేరేడు రంగు చీర కట్టుకుని, గొడుగు మడుస్తూ, చుట్టం గుమ్మంలోకి వచ్చింది.

"బాగున్నారా పిన్నిగారూ?"

"ఫర్వా..." అని, హన్విత నాలుక కరుచుకుంది. "ఆ నిచ్చెన ఇలా పట్టమ్మా."

అటక మీద ఇనుము రుచి పట్టిన అన్నం కుండ ఉంది. రాలిన జుట్టు మూట ఉంది. వేళ్లకి తొడుక్కుంటే ఊడిరాని పది మొద్దు తొడుగులున్నాయి. ఇత్తడి గిన్నెలో చిన్న సముద్రం ఒకటి అటూ ఇటూ ఊగుతోంది. అన్నిటికన్నా వెనక, పాత దుప్పటి కప్పుకుని, భయం ముడుచుకు కూర్చుంది.

"ఇన్ని దాచుకున్నారేంటండీ?"

"నువ్వు కాఫీకి వచ్చావనుకున్నాను."

చుట్టం ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసింది. బయట ఎక్కడో చినుకులు నెమ్మదించాయి. గిన్నెలో సముద్రం కొంచెం సర్దుకుంది. ఎవరికైనా ఇదంతా చూపించడం హన్వితకి ఇదే మొదలు. బరువు దిగినట్టయి, మర్యాదకి తనూ అడిగింది.

"నీకెలా ఉందమ్మా?"

"నాకేంటండీ. ఫర్వాలేదు."

ఆ గొంతు హన్వితకి బాగా తెలుసు. ముప్ఫై అయిదేళ్లుగా అది తన గొంతే. చుట్టం చేతిలోని సంచీ ఒకటి వెనక దాచుకుని ఉంది.

"ఆ సంచీ ఇటివ్వు."

సంచీలో మసకబారిన అద్దం ముక్క ఒకటుంది.

"రెండు నెలలయిందండి," అంది చుట్టం, కాలి వేళ్లు చూసుకుంటూ. "ఉప్పుగాలికి నా చినుకుల లెక్క చూసే అద్దం మసకేసింది. నాలుగు బొట్లు పడితే మూడే కనిపిస్తున్నాయి."

"చెప్పొద్దూ?"

"పన్నెండు వందలమంది ఇళ్లు చూశానండి. ఎవరూ ఏదీ చెప్పుకోలేదు. అదే పద్ధతేమో అనుకున్నాను. పైగా డాక్టరుగారు అసలే అలిసిపోయి ఉన్నారు. ఆవిణ్ణెందుకు ఇబ్బంది పెట్టడం?"

"నన్ను లేపు ముందు," అంది హన్విత.

కళ్లు తెరవగానే విషయమంతా చెప్పింది. తబస్సుమ్ మందు ఆపి, పెట్టె మూత విప్పి చూసింది. అద్దం నిజంగానే మసకేసి ఉంది. ఒకరు నొప్పి దాచి, ఒకరు చూపు దాచి, మర్యాదగా ఒకరినొకరు మోసం చేసుకున్నారన్నమాట. అద్దం మార్చి, మిగిలిన మందు పాతకాలంలోలా బొట్టు బొట్టూ లెక్కపెడుతూ దగ్గరుండి ఎక్కించింది. ఈ రెండు నెలల్లో ఆ పెట్టె కింద పడుకున్నవాళ్లందరికీ రక్తపరీక్షకి కబురు పంపింది.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త రిత్విక్ గారు అలవాటుగా "ఎలా ఉంది?" అని అడిగారు. "అరికాళ్లు మంటలండి," అంది హన్విత. ఆయన పేపరు కింద పెట్టి, తప్పింటికి వచ్చానా అన్నట్టు గుమ్మం వైపోసారి చూసి, కొబ్బరినూనె కోసం వెతకడం మొదలుపెట్టారు. దొరకలేదనుకోండి.

పది రోజుల తరవాత తెల్లకణాలు నిలబడ్డాయి. ఏడోసారి మందుకి అనుమతి వచ్చింది. మూడు వారాలు నిండి అది ఎక్కించుకున్న రోజు, మధ్యాహ్నం నాలుగింటికి సూది తీస్తున్న తబస్సుమ్‌ని హన్విత అడిగింది.

"భోంచేశారా డాక్టరుగారూ?"

"ఆ, ఎప్పుడో అయిందండి."

కిటికీ పక్కన ఆవిడ క్యారేజీ, పొద్దున కట్టిన గుడ్డముడితో అలాగే ఉంది.

"ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేంటండీ. ఫర్వాలేదు."

కలపెట్టెకు కళ్లు లేవు, ఉన్నదల్లా ఒక్క ఆకుపచ్చ దీపం. అయినా హన్వితా అదీ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. దీపం ఓసారి ఆరి వెలిగింది. హన్విత గోడవైపు జరిగి, మంచం మీద డాక్టరుకి చోటిచ్చింది.