పసుపు బొటనవేలు

శవం కల్వర్టు కింద బోర్లా పడి ఉంది.

నస్పూర్ బయట, మలుపు దగ్గరి కల్వర్టు. పక్కనే మోపెడ్ తలకిందులై ఉంది. మనిషి తల వెనక లోతైన గాయం. రాత్రి కురిసిన వాన నెత్తురునంతా శుభ్రంగా కడిగి పెట్టింది. ఇలాంటి విషయాల్లో వాన ఎప్పుడూ హంతకుడి పక్షమే.

చనిపోయింది దేవసహాయం. బొగ్గు గని కార్మికుడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. ఆదివారం మెథడిస్టు చర్చిలో ముందు వరసలో కూర్చుని, పాట కంటే ఎక్కువ దగ్గే మనిషి.

"స్లిప్ అయ్యిండు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ రాజయ్య. "వాన, చీకటి. పైంగ ముసలోడు. యాక్సిడెంట్ అని రాసేద్దాం."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వందన వంగింది. మోపెడ్ ముందు కొక్కానికి కట్టిన సంచి విప్పింది. లోపల కొత్త బూట్లు. మందపాటి అడుగు, ఇనుప ముక్కు, గనిలో వేసుకునేవి. డ్యూటీ బూట్లే అన్నాడు రాజయ్య. వందన ఒకసారి శవం పాదాల వైపు చూసి, బూట్లను ఎవిడెన్స్ కవర్‌లో వేయించింది.

ఫోన్ కల్వర్టు కింది నీళ్ళలో దొరికింది. పని చేయడం లేదు.

దేవసహాయం ఇల్లు రెండు గదుల క్వార్టర్. భార్య రిబ్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. కూతురు క్యాథరిన్ కరీంనగర్‌లో నర్సు. కబురు తెలియగానే మొదటి బస్సుకు వచ్చింది. కొడుకు స్టీఫెన్ గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిన వాళ్ళకు కుర్చీలు చూపిస్తున్నాడు. బీటెక్ చదివాడు. ఉద్యోగం లేదు.

"రాత్రి ఎనిమిదింటికి అవ్వ ఫోన్‌కు బాపు మెసేజ్ పెట్టిండు మేడం," అన్నాడు స్టీఫెన్. "వాన పడుతుంది, లేటైతదని. నేను అప్పుడు ఓంప్రకాశ్ ఇంట్ల క్యారమ్స్ ఆడుతున్న."

అతను ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. వందన అది గమనించింది.

"మీ నాన్న మెసేజ్ టైప్ చేస్తాడా?"

"చదువు రాదు మేడం. బొమ్మలు పెడతడు."

బొమ్మల సంగతి క్యాథరిన్ చెప్పింది. అవ్వకూ బాపుకూ, తల్లిదండ్రులిద్దరికీ, అక్షరం ముక్క రాదు. రెండేళ్ళ కింద ఇద్దరికీ ఎమోజీలు నేర్పింది తనే. అన్నం గిన్నె, బొటనవేలు పెడితే తిన్నానని. చర్చి, బొటనవేలు పెడితే ప్రార్థన అయిందని. గని లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. పైకి రాగానే బాపు హెల్మెట్టు, బొటనవేలు పెట్టేవాడు. క్షేమంగా పైకి వచ్చానని అర్థం. ఆ బొటనవేలు వచ్చేదాకా రిబ్కమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది కాదు. నలభై ఏళ్ళ కాపురంలో వాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు ఇవే.

వందన రిబ్కమ్మ ఫోన్ తీసుకుని పైకి జరిపింది. నిన్న మధ్యాహ్నం: 🍚👍🏿. మొన్న: ⛑️👍🏿. అటు మొన్న కూడా అదే. నెలల తరబడి అదే.

రాత్రి ఎనిమిదింటిది: 🌧️⏳👍.

ఆమె వేలు అక్కడే ఆగింది.

"ఈ బొటనవేలు పసుపు. మిగిలినవన్నీ నలుపు. ఎందుకు?"

క్యాథరిన్ ఫోన్ అందుకుంది. చూస్తూ చూస్తూ ముఖం పాలిపోయింది.

"మస్కిరికి, నవ్వులాటకని నేనే పెట్టిన మేడం, బాపు చెయ్యి గీ రంగే గదా అని. వేలితోని నొక్కి పడితే రంగులొస్తయి. ఒక్కసారి పెడితే ఆ ఫోన్ల ఎప్పుడూ గదే వస్తది. బాపుకు మార్చుడు రాదు."

గుమ్మం దగ్గర స్టీఫెన్ ఇంకో కుర్చీ వేశాడు.

సాయంత్రానికి సైబర్ సెల్ రిపోర్టు వచ్చింది. దేవసహాయం ఫోన్ ఆరున్నరకే నెట్‌వర్క్ నుంచి పోయింది. అంతకు ముందు వచ్చిన చివరి కాల్ స్టీఫెన్‌ది. ఎనిమిదింటి మెసేజ్ ఆ ఫోన్ నుంచి పోలేదు. అదే వాట్సాప్ లింక్ అయి ఉన్న ఇంకో ఫోన్ నుంచి పోయింది.

"అంటే చచ్చినంక మెసేజ్ పెట్టిండా?" అన్నాడు రాజయ్య.

"వాళ్ళ ఇల్లు వెతికించు," అంది వందన. "ముందు ఆ ఓంప్రకాశ్‌ను పిలువు."

ఓంప్రకాశ్ స్టేషన్‌కు నవ్వుతూ వచ్చాడు. అతని తండ్రి కూడా గని కార్మికుడే. స్టీఫెన్ ఏడు దాటాక ఆటకు వచ్చాడనీ, మధ్యలో ఒకసారి ఫోన్ పట్టుకుని బాత్రూంకు పోయాడనీ తడుముకోకుండా చెప్పాడు. మిత్రుణ్ణి కాపాడుతున్నాననే అనుకున్నాడు. వందన అతని ఫోన్ అడిగి తీసుకుంది. నలుగురు స్నేహితుల గ్రూపు కనిపించింది. పేరు 'డిపెండెంట్స్'.

ఆ పేరు బొగ్గు ఊళ్ళలో అందరికీ తెలుసు. కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోయినా, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేల్చినా, డిపెండెంట్ కింద ఇంట్లో ఒకరికి గనిలో ఉద్యోగం వస్తుంది. దానికి వయసు గడువు ఉంది. స్టీఫెన్‌కు ఆ గడువు వచ్చే నెలతో దాటిపోతుంది. దేవసహాయం రెండుసార్లు బోర్డుకు వెళ్ళాడు. దగ్గి దగ్గి చూపించాడు. రెండుసార్లూ ఫిట్ అనే రాసి పంపారు.

గ్రూపులో దాదాపు రోజూ ఒకే వరస ఉంది: 👴⚰️💼🎉.

"దీని అర్థం ఏమిటి?"

"ఉత్తగనే మేడం. జోక్."

"జోకే. అర్థం చెప్పు."

"ముసలాయన... రెస్టు... కొడుకుకు జాబు... దావత్. అంటే రిటైర్మెంట్ ఫంక్షన్ అన్నట్టు."

"రిటైర్మెంట్‌కు శవపేటిక ఎందుకు?"

ఓంప్రకాశ్ నవ్వు ఆగిపోయింది.

"ఎవరు మొదలుపెట్టారు?"

"స్టీఫెన్. మా బాపులందరి మీద పెడుతుంటిమి మేడం. ఎవని బాపు ముందుగాల పోతే వాడు దావత్ ఇయ్యాలె అని. ఉత్త మాటలే. మా ఇంట్ల ఎవ్వరికి చెప్పకుండ్రి."

శవపేటిక బొమ్మ కింద నలుగురూ కలిసి నవ్విన నవ్వులు ఎన్నో ఉన్నాయి. వందన లెక్కపెట్టలేదు. ఇంకా కిందికి జరిపింది.

దేవసహాయం చనిపోయిన రోజు మధ్యాహ్నం స్టీఫెన్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. తండ్రి తనకు పంపిన బొమ్మల వరస అది. పైన 'మా ముసలోని సినిమా' అని రాశాడు. కింద ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఒకడు జోకర్ ముఖం పెట్టాడు.

🏥❌👴🏿⛏️ 👉🏿👦🏿⛏️ 🥾👍🏿

"ఇది అర్థమైందా మీకు?"

"లేదు మేడం. పిచ్చి బొమ్మలు. ముసలాయనకు బుర్ర ఖరాబైందని నవ్వినం."

వందన ఆ వరసను రెండోసారి చూసింది. తర్వాత గని ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతలి గుమాస్తా చెప్పింది విని, రిసీవర్ పెట్టేసి, బూట్ల కవర్ తెప్పించుకుంది. టీ తేవాలా అని రాజయ్య అడిగితే వద్దంది.

మూడో రోజు ప్రార్థన క్వార్టర్ ముందు షామియానా కింద జరిగింది. పాస్టరుగారు వాక్యం చదివి వెళ్ళిపోయారు. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా లేచారు. వందన ఇంటివాళ్ళను మాత్రం లోపల కూర్చోమంది. ఓంప్రకాశ్‌ను రాజయ్య తీసుకొచ్చాడు.

వందన కవర్‌లోంచి బూట్లు తీసి స్టీఫెన్ ముందు పెట్టింది.

"వేసుకో."

"ఎందుకు మేడం?"

"వేసుకో. లేసులు కూడా కట్టుకో."

స్టీఫెన్ వేసుకున్నాడు. కుట్టించి తెచ్చినట్టు సరిపోయాయి.

"ఇవి మీ నాన్న మోపెడ్‌కు కట్టి ఉన్నాయి," అంది వందన. "డ్యూటీ బూట్లే అనుకున్నారు మావాళ్ళు. ఆయన పాదం చిన్నది. ఇవి రెండు సైజులు పెద్దవి. పైగా ఆయన ఆ రోజు డ్యూటీకే పోలేదు. ఎక్కడికి పోయాడో తెలుసా?"

స్టీఫెన్ లేసు ముడిని ఇంకోసారి బిగించాడు.

"నీ మంచం కింద పాత ఫోన్ దొరికింది. మీ నాన్న వాట్సాప్ దానికి లింక్ చేసి ఉంది. ఎనిమిదింటికి ఓంప్రకాశ్ బాత్రూంలోంచి నువ్వు పెట్టిన బొటనవేలు పసుపుది. నీ ఫోన్‌కు మీ బాపు చెయ్యి రంగు తెలియదు. ఆరింటికి ఆయన్ని కల్వర్టు దగ్గరికి పిలిచింది నువ్వే. ఇవన్నీ కోర్టుకు చాలు. ఇంకో మాట నీకు చెప్పాలి."

ఓంప్రకాశ్ ఫోన్ తీసి ఆ స్క్రీన్‌షాట్ చూపించింది. ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి చదివింది.

"ఆసుపత్రి. వద్దంది. ముసలాయనకు, పలుగు. అంటే బోర్డు అన్‌ఫిట్ రాసింది. ఇక్కడి నుంచి కొడుకుకు, పలుగు. ఉద్యోగం నీకు. బూట్లు తెస్తున్నా. అంతా మంచిదే."

వందన ఫోన్ రాజయ్యకు ఇచ్చింది.

"మూడోసారి బోర్డుకు పోయాడు. ఈసారీ కాకపోతే నువ్వు బాధపడతావని ఎవరికీ చెప్పలేదు. అన్‌ఫిట్ రాగానే మొట్టమొదట నీకే పంపాడు. నేను గని ఆఫీసులో అడిగాను. కాగితం ఆ రోజే తయారైంది. వచ్చే వారం నీ సంతకం ఒక్కటే బాకీ."

క్యాథరిన్ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఫోన్ చేసి చెప్తే అయిపోవు గద," అన్నాడు స్టీఫెన్.

"చేసిండు అన్నా," అంది క్యాథరిన్. "నెల నుంచి నువ్వు ఎత్తుతున్నవా? ఎత్తడు గాని బొమ్మలన్న చూస్తడు బిడ్డా అన్నడు నాతోని."

రిబ్కమ్మ మొదటిసారి నోరు తెరిచింది. అడిగింది కొడుకునే.

"ఆఖరుకు ఏమన్నడురా మీ బాపు?"

స్టీఫెన్ బూట్ల వైపు చూస్తూ చెప్పాడు.

"బొమ్మలు చూసినవా కొడుకా అన్నడు. చూసిన అన్న. అట్లయితె ఇగ ఫికర్ లేదు అన్నడు. నవ్విండు. ఆగు, నీకొకటి తెచ్చిన అని సంచి విప్పుతానికి అటు మల్లిండు."

గాయం తల వెనక ఎందుకుందో ఇక ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

రాజయ్య బేడీలు వేశాడు. బూట్లు సాక్ష్యం కాబట్టి విప్పించాలన్నాడు. బేడీలు పడ్డ చేతులతో స్టీఫెన్‌కు లేసులు విప్పడం రాలేదు. ముడి ఇంకా బిగిసింది.

రిబ్కమ్మ లేచి వచ్చి కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుంది. కంపెనీ ఇచ్చే బూట్లు మొదటి నెలంతా కాలు కరుస్తాయనీ, అందుకే పిల్లగానికి కంపెనీ బూట్లు వద్దు, బజారు నుంచి మెత్తనివి తేవాలనీ మొగుడు ఎన్నోసార్లు అనేవాడని ఎవరికీ కాకుండా చెప్పుకుంది. బొటనవేలితో బూటు మడమ దగ్గర నొక్కి చూసింది.

"కరుస్తున్నయా?" అని అడిగింది.

"లేదవ్వా," అన్నాడు స్టీఫెన్.

ఆమె ముడి విప్పి, బూట్లు తీసి, కొంగుతో తుడిచి రాజయ్య చేతికి ఇచ్చింది.