గోడ మీద మూడో నీడ

పెద్ద భవనాల్లో కరెంటు పోయినా మెట్లు కనబడేలా బాణం గుర్తులు వేయడం ఆ పెయింటరు పని. ఆ రంగు వెలుగుని తాగి దాచుకుంటుంది, చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తుంది. డబ్బా అడుగున మిగిలింది ఇంటికి పట్టుకొచ్చి, కూతురి గదిలో ఒక గోడకి మూడు పూతలు వేశాడు.

ఆరేళ్ల ఆ పిల్లకి చీకటంటే హడల్. ఇన్నాళ్లూ తల్లిని కరుచుకునే నిద్రపోయేది. నర్సుగా చేస్తున్న తల్లికి ఆ రోజు నుంచే రాత్రి డ్యూటీ. పోనీ తండ్రి పక్కన పడుకోబెడదామంటే, ఆయన గురకకి పక్కింటివాళ్లే లేచి కూర్చుంటారు.

"రంగు పూస్తే భయం పోతుందేమిటండీ? మీ చాదస్తం గానీ," అంది భార్య చెప్పులేసుకుంటూ.

"పొద్దున్న నువ్వొచ్చి చూడు, ఒక్కతే హాయిగా నిద్రపోతూ ఉంటుంది," అన్నాడు బడాయిగా. ఆ మాట నిలబెట్టుకోవాలని మనసులో చాలా ఉంది.

ఆమె వెళ్లేసరికి రాత్రి ఏడున్నర. బయట ముసురు. వీధి దీపం వెలుగు రాకుండా అతను కిటికీకి దుప్పటి కట్టాడు, తలుపు వేశాడు. గదిలో తడి సున్నం వాసన, చూరు నీళ్ల చప్పుడు. స్టూలు మీద తన పని లైటు పెట్టి, స్విచ్చు తీగ చేత్తో పట్టుకున్నాడు.

"గోడకి వీపు పెట్టి నిలబడు తల్లీ. నీ వెనక గోడకి వెలుగు అందదు కదా, అక్కడ నీ నీడ ఉండిపోతుంది."

టక్కున వెలిగించి ఆర్పాడు. పిల్ల పక్కకి గెంతి చూసింది. ఆకుపచ్చటి గోడ మీద రెండు జడల నీడ అలాగే నిలబడి ఉంది.

"నా నీడ నాతో రాలేదు నాన్నా!" అని పకపకా నవ్వింది. చీకట్లో ఆ పిల్ల నవ్వడం అతను మొదటిసారి విన్నాడు. కడుపు నిండిపోయింది.

"ఇప్పుడు నువ్వూ రా నాన్నా."

పాత నీడ చెరిగిపోయాక, గోడకి బారెడు దూరంలో ఇద్దరూ చెరో పక్కన నిలబడ్డారు. లైటు వెలిగింది. ఆరింది. వెనక్కి తిరిగారు.

మూడు నీడలున్నాయి.

అతనిది, పిల్లది, మధ్యలో ఇంకొకటి. పొడుగ్గా... కాస్త వంగి...

అతను గోడకేసి తేరిపార చూశాడు. తమ నీడల అంచులు అలుక్కుపోయినట్టు ఉన్నాయి. మధ్యదాని అంచు కత్తెరతో కత్తిరించినట్టు ఉంది. రోజూ అచ్చు అట్టలు పెట్టి బాణాలు దింపే మనిషికి ఒకరు చెప్పాలా? అట్ట గోడకి పూర్తిగా అంటుకుంటేనే అంచు అలా తెగుతుంది.

అంటే అది గోడకి ఆనుకునే నిలబడింది. తమ వెనకాలే.

దాని చెయ్యి పిల్ల నీడ తల మీద ఉంది. వేళ్లు లెక్కపెట్టవచ్చు... అతను లెక్కపెట్టలేదు.

లైటు వేశాడు. ఉత్త గోడ. ఆర్పాడు. గోడంతా ఒకటే ఆకుపచ్చ, ఎక్కడా మచ్చ లేదు.

"నాన్నా," పిల్ల గుసగుసగా అంది. "నాకిప్పుడు భయం వెయ్యట్లేదు."

"ఎందుకు... ఎందుకమ్మా?"

"ఒక్కదాన్నే పడుకోనక్కర్లేదుగా."

పిల్లని చంకనేసుకుని ఒక్క పరుగున తన గదిలోకి వచ్చి పడ్డాడు. ఉన్న లైట్లన్నీ వేశాడు. భార్యకి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఈ రాత్రికే కాదు, ఇంకెప్పుడూ పిల్లని ఒంటరిగా వదలనని గట్టిగా అనుకున్నాడు. మంచం మీద పడుకోబెట్టి, పక్కనే తనూ ఒరిగాడు.

కాసేపటికి చూస్తే, పిల్ల మంచం అంచుకి జరిగిపోయి ఉంది. ఇంకొంచెమైతే కిందపడేలా ఉంది. ఇద్దరి మధ్యా మనిషి పట్టేంత జాగా.

"పడిపోతావు తల్లీ... నా దగ్గరికి రా."

పిల్ల పెదాల మీద వేలు పెట్టుకుని, మెల్లగా అంది.

"చోటు లేదు నాన్నా."