మధ్యలో కాసమ్మ

ఎడ్లబండిలో కాసమ్మ కావాలనే మధ్యన కూర్చుంది. ఒక పక్క ఎండుచేపల గంపలు, వాటిని ఆనుకుని ఆమె అక్క కూతురు బుల్లమ్మ. రెండో పక్క పైడన్న. బండి గోపాల్‌పూర్ నుంచి బరంపురం సంతకు పోతోంది.

పైడన్న పెద్ద యుద్ధంలో కూలీదళంతో ఫ్రాన్సు వెళ్ళి తిరిగొచ్చాడు. రాగానే బుల్లమ్మను చేసుకుంటానని కబురు పెట్టాడు. బుల్లమ్మ ఔననలేదు, కాదనలేదు. శుక్రవారం రంగూన్‌కు, వాళ్ళ మాటలో రంగానికి, వెళ్ళే ఓడ ఉంది. ఆమె మాట తేలకపోతే అతను దాన్ని ఎక్కేస్తాడు. బుల్లమ్మ తండ్రి కూడా ఒకప్పుడు అలాంటి ఓడే ఎక్కాడు, తిరిగి రాలేదు.

పెళ్ళిమాట నడుస్తుండగా పిల్ల, పిల్లాడితో నేరుగా మాట్లాడకూడదు. అంచేత మాటలన్నీ కాసమ్మ మీదుగా పోవాలి.

"పిన్నీ, ఆ దేశంలో ఏటి సూసినాడో అడుగు."

"ఏటి సూసినావురా?"

"ఒక రోజు సెలవిచ్చినారత్తా. పనీపాటా నేకుండా మూడూళ్ళు తిరిగినాను. ఎక్కడ సూసినా సంతే. కొనీవోల్లు తక్కువ, తిరిగీవోల్లు ఎక్కువ. పువ్వులు బకెట్లలో ఎట్టి అమ్ముతారు."

"ఆ పువ్వులు ఆడపిల్లలే అమ్ముతారేటో అడుగు పిన్నీ."

కాసమ్మ పిల్ల మొహం చూసి అడగడం మానేసింది.

"ఆడపిల్లలే," అన్నాడు పైడన్న. నిజం చెప్పే అలవాటు అతన్ని చాలాసార్లు చిక్కుల్లో పడేసింది.

బుల్లమ్మ అటు తిరిగి కూర్చుంది. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. తడిస్తే ఎండుచేపలు ఎవరూ ముట్టరు. ముగ్గురూ గబగబా గంపల మీద చాప కప్పారు. చాప కింద రెండు చేతులు తగిలాయి. కాసమ్మ చూడనట్టే ఉంది.

"పువ్వుల కాడ నానాగనేదత్తా. జున్ను అమ్మే ముసిలమ్మ కాడ ఆగినాను. మన ఒడియావోల్లు పాలిరగ్గొట్టి సేసీ సెనా లాటిదే, నెల్ల తరబడి ముగ్గబెడతారు. ఆ కంపు సెప్పనేను. అది తగిలీసరికి బుల్లమ్మ గుర్తొచ్చింది."

బండివాడు దగ్గాడు.

"పిన్నీ, నన్ను కంపని సెప్పడానికి సముద్రం దాటొచ్చినాడేటి? దిగిపోమను."

"దిగిపోమంటందిరా," అంది కాసమ్మ విసుగ్గా.

"దిగిపోతాను. ఒక్క మాట ఇనమనత్తా. సలికి సేతులు పగిలినా నానేడవనేదు. ఆ కంపు కాడ ఏడిసినాను. ఇసక మీద సేపలారబెడతన్న పిల్ల కళ్ళ ముందు నిలబడిపోనాది. ఆకలికి ఏడుస్తన్నాననుకుని ముసిలమ్మ ఓ ముక్క సేతిలో ఎట్టింది. తిననేకపోనాను, పారీనేకపోనాను. జేబులో ఎట్టుకునే మిగతా రెండూళ్ళూ తిరిగినాను. నా పక్కన ఒక్కడూ నడవనేదు."

బుల్లమ్మకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

"మరి రంగం ఎందుకెల్తన్నాడో అడుగు పిన్నీ."

"ఎందుకురా?"

"ఇక్కడుండమని ఎవులూ అననేదు కదత్తా."

బరంపురం మేడలు కనిపిస్తున్నాయి. సంత చేరాక బుల్లమ్మ బేరాల్లో పడుతుంది, పైడన్న ఓడ టికెట్టుకు పోతాడు. కాసమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా పిల్లను తొందరపెట్టలేదు.

బుల్లమ్మకు భయం వేసింది. ఓడెక్కిన మనిషిని నమ్మడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. కాని తండ్రిని ఆ రోజు ఎవరైనా ఉండమని అడిగారా? తనప్పుడు పసిపిల్ల, అడగడం తెలియదు. ఇప్పుడు తెలుసు.

"ఉండు," అంది.

కాసమ్మ అలవాటుకొద్దీ పైడన్న వైపు తిరిగి, "ఉండ..." అనబోయి ఆగిపోయింది. ఆ మాట తనతో అన్నది కాదు.

"ఉంటాను," అన్నాడు పైడన్న, కాసమ్మ తల మీదుగా.

"ఇంక నాకిక్కడ పనేటి," అంటూ కాసమ్మ లేచి, కదిలే బండిలోనే ముందుకు పాకి బండివాడి పక్కన కూర్చుంది.