పెద్దక్క రెండో చక్రం

ఉప్పుకాలవ కట్ట మీద, సరుగుడు తోపు దాటినాక, నీళ్ళు తోడుకునే దొరువు పక్కన ఒక ఇంజను కొట్టం ఉండాది. అప్పట్లో పొద్దు కూకినాక మా పాళెంలో ఎవురూ ఆ దారిన పోయేవాళ్ళు కాదు. చేపల గంప నెత్తినున్న ఆడోళ్ళు కూడా ఇసకలో చుట్టు తిరిగి పోయేవాళ్ళు గానీ, ఆ కొట్టం ముందు నడిచేవాళ్ళు కాదు.

ఎందుకంటే... ఆ కొట్టం ఊపిరి తీసేది.

నవ్వబాకండి. తాటాకు కప్పులోంచి పైకి ఒక పొగగొట్టం ఉండాది. తలుపుకి తాళం. లోపల మనిషి లేడు, దీపం లేదు. చీకటి పడినాక ఆ గొట్టంలోంచి — ఉస్స్... — అని ఒక నిట్టూర్పు. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. మళ్ళా... ఉస్స్... అంతే. ఇంక తెల్లారిందాకా ఏమీ వినపడదు.

నేను ఇట్టాంటివి నమ్మే మనిషిని కాదు. మా ఇంట్లో దెయ్యాల భయమంతా మా ఆయనదే. హజరత్తయ్య అని పేరు, ఇంత మీసం. రాత్రి పెరట్లోకి పోవాలన్నా "మస్తానమ్మా, గుమ్మంలో నిలబడుమే" అనే రకం. ఇది ఆయనకి జరిగింది. ఆయన నాకు చెప్పిందే మీకు చెప్తా ఉండా.

ముందు ఓబులేసు సంగతి చెప్పాల.

మా పక్కకి కరెంటు వచ్చినాక రైతులందరూ మోటార్లు పెట్టుకున్నారు. దొరల కాలం నుంచి నీళ్ళు తోడిన ఆయిలింజన్లని గొడ్లచావిట్లోకి నెట్టేసినారు. ఓబులేసు చిన్నప్పటి నుంచి ఆ ఇంజన్ల దగ్గరే పని చేసినోడు. ఆయనకి కడుపు మండిపోయింది. "ముసలిదైపోయిందని ఎద్దుని కటికోడికి ఇస్తామా?" అని ఊరూరూ తిరిగి, బతిమాలి, బండి కట్టించి ఒక్కోదాన్నీ తెచ్చినాడు. జయరామయ్య గారి పాత కొట్టం అడిగి అందులో పెట్టినాడు. మా ఆయన్నీ ఇంకో ఇద్దరు ముగ్గురినీ పోగేసి, రేకు మీద రాయించినాడు — పాత ఇంజన్ల సంఘం. ఊరోళ్ళు దానికి తుప్పు సంఘం అని పేరు పెట్టినారు.

ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజ నాడు, ఆ ఇంజన్లకి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, అన్నిట్నీ ఆడించేవాళ్ళు. ఆ చప్పుడు వినేదానికి చుట్టుపక్కల పాళేలన్నీ కదిలొచ్చేవి. ఎగతాళి చేసినోళ్ళే ముందు నిలబడేవాళ్ళు.

అన్నిట్లో పెద్దది పెద్దక్క. రెండు పక్కలా రెండు చక్రాలు, మనిషి రొమ్మెత్తున. దాని తలకాయని మంటతో ఎర్రగా కాల్చి, అప్పుడు చక్రం విసిరితే గానీ లేవదు. ఒంటిమనిషి వల్ల అయ్యే పని కాదు. ఈ పక్క చక్రం ఒకరు, ఆ పక్క చక్రం ఒకరు పట్టాల. ఆడించకపోయినా ఊరికే వదిలేసేదానికి లేదు. మాది సముద్రపుగాలి. నాలుగు రోజులు కదలకుండా ఉంటే లోపల ఉప్పు పట్టి, తుప్పు పట్టి, బిగుసుకుపోతది. అందుకని రోజూ సాయంత్రం ఓబులేసు ఒక పక్క, మా ఆయన ఒక పక్క పట్టి, ఒక్క చుట్టు తిప్పి వదిలేవాళ్ళు.

తిప్పే ముందు ఓబులేసు దాని మీద చెయ్యేసి మెల్లంగా అనేవాడు — "లేయ్ పెద్దక్కా... వొళ్ళు విరుచుకో..."

చక్రం తిరిగేది. పైన గొట్టంలోంచి గాలి — ఉస్స్... అప్పుడు దానికి ఎవురూ భయపడలేదు.

ఓబులేసు పెళ్ళాం సామ్రాజ్యం. బిడ్డల్లేరు. సాయంత్రం ఇద్దరికీ మజ్జిగ తెచ్చి, గడప మీద కూర్చోని చూస్తా ఉండేది. "నాకు కొట్టం నిండా సవతులే మస్తానమ్మా" అని నాతో నవ్వేది. ఆ నవ్వు ఎంత బాగుండేదో!

చైనా యుద్ధం వచ్చిన ఏడు, దసరాకి ముందు అమావాస్య నాడు, మా ఆయన ఎప్పట్లాగే సాయంత్రం కొట్టానికి పోయినాడు. ఓబులేసు చేతిలో నూనెగుడ్డతో, పెద్దక్క చక్రానికి ఆనుకోని కూర్చోనుండాడు. మా ఆయన తన పక్క చక్రం పట్టుకోని "పట్టు బ్బా" అన్నాడంట.

పలకలేదు.

"పట్టరా, పొద్దు పోతా ఉంది" అన్నాడంట మళ్ళా.

అప్పటికే పోయినాడు, మహానుభావుడు. రోగం లేదు, రొష్టు లేదు.

ఆ ఏడు ఆయుధపూజ చెయ్యలేదు. సంఘమోళ్ళంతా ఏడ్చి, ఒట్టు పెట్టుకున్నారు — సంవత్సరీకం అయిందాకా ఓబులేసు పట్టిన చక్రం ఎవురూ ముట్టకూడదు. తాళం వేసేసినారు. ఉప్పుగాలి సంగతి వాళ్ళకి తెలీదా? తెలుసు. అప్పటి దుఃఖంలో అది మర్యాద అనుకున్నారు. తెలిసొచ్చేసరికి ఒట్టు అడ్డమొచ్చింది. చచ్చిపోయినోడి మీద పెట్టుకున్న ఒట్టు ఎవురు తప్పుతారు?

జయరామయ్య గారు మాత్రం ఖండితంగా చెప్పేసినాడు. "వచ్చే ఆయుధపూజకి పెద్దక్క లేస్తే సరి. లేవలేదనుకో, మొత్తం గూడూరు పాత ఇనుమోడికి తోలేస్తా. నా కొట్టం నాకు కావాల."

ఆ తర్వాతే... గొట్టం నిట్టూర్చడం మొదలైంది. ఓబులేసు ఆత్మ అక్కడే తిరగతా ఉందన్నారు. చక్రం ముట్టుకున్నోళ్ళని తీసకపోతాడన్నారు. నోటికి అడ్డం ఏముండాది!

ఏడాది తిరిగింది. సంవత్సరీకం పెట్టేసినారు గానీ, భయానికి తాళం తీసినోళ్ళు లేరు. ఆయుధపూజ రేపనంగా, పెద్దక్క తలకాయని కాల్చే పంపుదీపం కోసం మా ఆయన బుచ్చిరెడ్డిపాళెం పోయినాడు. అక్కడ బియ్యం మిల్లులో తెలిసినాయన ఉండాడు. వచ్చేటప్పుడు బస్సు చెడిపోయి, దిగేసరికి చీకటి పడిపోయింది. భుజాన నూనె టిన్ను, చేతిలో దీపం. బరువుతో చుట్టు తిరిగి రాలేడు. కాలవ కట్టే పట్టుకున్నాడు.

మబ్బు. గాలికి సరుగుడు చెట్లు ఒకటే మోత. ఆంజనేయస్వామిని తలుచుకుంటా, తల వంచుకోని నడస్తా ఉండాడంట. కొట్టం దగ్గరికొచ్చింది...

ఉస్స్...

తల ఎత్తి చూసినాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లోంచి గుసగుసగా...

"లేయ్ పెద్దక్కా... వొళ్ళు విరుచుకో..."

నూనె టిన్ను జారి దబ్బున పడింది. లోపల చప్పుడు ఆగిపోయింది.

పిల్లి అడ్డమొస్తేనే వెనక్కి తిరిగే మనిషి. అట్టాంటోడు... పరిగెత్తలేదు. "భయమేసిందిమే" అన్నాడు నాతో, "ఒళ్ళంతా చెమటలు. అయినా ఆ మాట విని ఏడాదయింది గదా... పోబుద్ధి కాలా."

పోయి తలుపుకి నుదురు ఆనించినాడంట.

"ఓబులేసూ... నువ్వేనా బ్బా?"

తలుపు మీద మెల్లంగా చెయ్యేసినాడంట.

"రేపు లేస్తదా రా పెద్దక్క? లేవకపోతే తోలేస్తారంట. ఏడాదంతా దాన్ని ముట్టుకోకుండా చంపేసినాం రా. నువ్వు లేకపోతే నాకేం చేతకాదు..."

లోపల ఎవురో ఏడ్చినారు. సన్నంగా... ఆడమనిషి ఏడుపు.

కొట్టం వెనకపక్క తడిక కిర్రుమంది. తెల్లకోక ఒకటి గోడ పక్కనుంచి మెల్లంగా వచ్చింది.

"అన్నా... నేను. సామ్రాజ్యాన్ని."

మా ఆయన అక్కడే కూలబడిపోయినాడు. ఆమె దూరంగా నిలబడే చెప్పింది.

"ఎవురికీ చెప్పబాకన్నా. మీరు తాళం వేసినారు. కదలకపోతే బిగుసుకుపోతాదని ఆయన రోజూ చెప్పేవాడు. పగలు నేను గడప దాటకూడదు గదా... ఎదురొస్తే అపశకునం అంటారు. అందుకని చీకటి పడినాక వచ్చి, ఈ తడికలోంచి దూరి, ఒక్క చుట్టు తిప్పి పోతా ఉండా. ఆయన పోయినాడు. అదన్నా ఉండనీ అనుకున్నా."

ఇంతే, ఊరంతా వణికిన దెయ్యం! ఏడాది పొడుగునా, వానలో, ముసురులో, పాము పుట్రలో ఆ ఒంటి ఆడది వచ్చి పోయింది. మొగుడు పోయినదాన్ని చీకట్లోకి తోసింది మనమే, చీకట్లో కనిపిస్తే దెయ్యమన్నదీ మనమే.

మా ఆయన కళ్ళు తుడుచుకోని లేచినాడు. అప్పుడు తట్టిందంట ఆయనకి.

"అమ్మా సామ్రాజ్యం... ఇద్దరం మొగోళ్ళం పడితే గానీ కదలదే అది. ఒక్కదానివి ఎట్టా తిప్పినావు?"

ఆమె తడిక వైపు తిరిగి చూసింది.

"నేను ఒక పక్కే పట్టుకుంటానన్నా. నువ్వు పట్టే పక్క. ఆ మాట అంటా... రెండో పక్క బరువుండదు."

మా ఆయన అగ్గిపుల్ల గీసి తడికలోంచి లోపలికి చూసినాడు. ఇనుమంతా తుప్పు. సామ్రాజ్యం పక్క చక్రం మీద చేతులు పట్టే చోటు ఒక్కటే నున్నగా మెరస్తా ఉంది. పుల్ల ఆ పక్కకి తిప్పినాడు. ఆ చక్రం మీద కూడా... ఓబులేసు చేతులు పట్టే చోట... నున్నగా ఉంది.

పుల్ల ఆరిపోయింది. రెండోది గియ్యలేదంట.

తెల్లారి కొట్టం ముందు ఊరంతా చేరింది. పెద్దక్కకి పసుపు రాసి, తల కింద దీపం పెట్టి ఎర్రగా కాల్చినారు. అప్పుడు మా ఆయన పోయి, అందరూ చూస్తుండంగా సామ్రాజ్యాన్ని చెయ్యి పట్టుకోని తీసుకొచ్చినాడు.

జయరామయ్య గారు ఎగిరిపడినాడు. "పండగపూట తెల్లకోకని పూజకి తెస్తారంటయ్యా! శుభమా అని..."

నా నోరు ఊరుకోదు గదా. "ఏడాది నుంచి ఆ చక్రాన్ని తిప్పతా ఉండేది ఆ తెల్లకోకే సామీ. ఇంజనుకి లేని మైల మీకేంది?" అన్నా. ఊరంతా నోరు తెరిచి చూసింది.

మా ఆయన ఆమెని తన పక్క చక్రం దగ్గర నిలబెట్టి, తనూ ఆమెతో పాటు చెయ్యేసినాడు. రెండో పక్క ఖాళీ. ఒకడు సాయం పట్టబోతే, "నువ్వు తప్పుకో నాయనా" అన్నాడు. "ఆ పక్క మనిషుండాడు."

"లేయ్ పెద్దక్కా..." అంది సామ్రాజ్యం.

డుబ్... డుబ్... డుబ్ డుబ్ డుబ్... కప్పు తాటాకులు అదిరినాయి. సామ్రాజ్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకోని ఏడ్చింది. జయరామయ్య గారు కండువా తీసి తల దించుకున్నాడు. కొట్టం మాట మళ్ళా ఎత్తలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం, వెలుగుండంగానే, వాళ్ళిద్దరూ పోయి తిప్పి వచ్చేవాళ్ళు. రెండో పక్క ఎవర్నీ పట్టనియ్యలేదు. నేను మాత్రం నమ్మలేదు. "ఆడదాని బలం మీకు తెలీక దెయ్యాన్ని తెచ్చి పెట్టినారు" అని మా ఆయన్ని ఏడిపిస్తానే ఉండేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

పోయిన ఏడు మా ఆయన పోయినాడు. నిద్దట్లో.

సామ్రాజ్యానికి అప్పుడు జొరం, లేవలేకపోయింది. గాలి చూస్తే సముద్రం మీదనుంచి ఒకటే ఉప్పు. చక్రం బిగుసుకుపోతాదేమోనని నేనే బయల్దేరినా. నేనూ గడప దాటకూడని మనిషినే. అందుకని చీకటి పడినాకే పోయినా.

రెండు చేతులా పట్టి లాగాలని కోక బిగించుకున్నా. ఎందుకో, ముందు ఊరికే మా ఆయన పట్టే చోట వేలు పెట్టినా. ఆ మాట ఇంకా అననే లేదు.

చక్రం తిరిగింది. బరువు లేదు. ఈ పక్కా లేదు... ఆ పక్కా లేదు.

పైన గొట్టం మెల్లంగా ఊపిరి తీసింది. నాకు భయం వెయ్యలేదు. అక్కడే గడప మీద కూర్చోని, చాలాసేపు ఏడ్చి ఇంటికొచ్చినా.