విడిచినా విడవని మూడెకరాలు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! ఆకాశం నిప్పులు కక్కుతోంది. అయినా బోథ్ పొలిమేరలోని ఆ నల్లరేగడి చేనులో... పట్టపగలే గుడ్లగూబ అరిచింది!

గెట్టు మీద దిగంబరంగా కూర్చున్నాడు మంత్రగాడు రాయమల్లు. ఎదుట కపాలం... దాని నుదుట నెత్తుటి బొట్టు! ఆ చేనులో వాళ్ల తాత పాతిపెట్టిన క్షుద్రశక్తి ఉంది. పత్తి విరగకాస్తుంది... బదులుగా వాటాదారుల ఇళ్లలోంచి మూడేళ్లకో ప్రాణం కావాలి! మంత్రబలంతో ఆ చావును ఎప్పుడూ అన్న మొగిలి ఇంటికే తోలాడు రాయమల్లు. మొదట అన్న కొడుకు... మూడేళ్ల కిందట అన్న! ఈ అమావాస్యకు మళ్లీ గడువు! ఇక ఆ ఇంట్లో మిగిలింది అన్న కూతురు స్వరూప, ఆమె ఆరేళ్ల బిడ్డ.

ఆ బిడ్డ కోసమే, అదే గడియలో, స్వరూప రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చుంది. ఎదుట హక్కు విడుదల పత్రం! తండ్రి వాటా వద్దని చిన్నబాపు రాయమల్లుకే వదిలేస్తోంది. జానెడు జాగాకు అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే పాపిష్టి లోకం ఇది... వద్దని మొక్కినా నెత్తినెక్కే భూమి అది!

"వాటా ఇడిసిన ఆడబిడ్డకు చీర పెట్టాలె గదా బిడ్డా! మీ చిన్నబాపు గంత పిసినారోడా?" నవ్వాడు పత్రాలు రాసే అంబదాస్.

"చీర వద్దు, ఏం వద్దు! జర జల్ది కానియ్యి కాకా!"

అంతలో... చేనులో మంత్రం మారుమోగింది! ఇక్కడ స్వరూప కనుగుడ్లు తెల్లగా తిరిగాయి! ఆమె నోట రాయమల్లు గొంతు గర్జించింది.

"ఇడువకు! ఏలు ముట్టిచ్చినవా... నీ బిడ్డ నెత్తురు తాగుత!"

రెండు చేతులూ కొంకర్లు పోయాయి. కన్నపేగు ఊరుకుంటుందా! ఎడమచెయ్యిని పళ్లతో కరిచి ఈడ్చి, బొటనవేలిని సిరాలో అదిమి... పత్రం మీద గుద్దింది!

మబ్బులేని ఆకాశం ఫెళఫెళా ఉరిమింది! చేనుకు ఇప్పుడు వాటాదారు ఒక్కడే... ఆకలిని తోలడానికి మరో ఇల్లు లేదు! నేల నోరు తెరిచింది.

"నన్ను గాదు! గా ఇంటికి పో! గా..."

నల్లమట్టి రాయమల్లు నోట్లో నిండింది. కపాలం పగిలింది. మంత్రగాడు నడుము దాకా... మెడ దాకా... అంతే!

మూడోరోజు అంబదాస్ తలవంచుకుని వచ్చాడు.

"బిడ్డా, మీ చిన్నబాపుకు పెండ్లాం పిల్లలు లేరు. చట్టం ప్రకారం మూడెకరాలు నీకే వస్తయి."

"మళ్ల ఇడుస్త కాకా! గిప్పుడే రాయి!"

"ఎవలికి ఇడుస్తవు? ఇడిసి రాయాల్నంటే ఇంకో వాటాదారు ఉండాలె. కొనేటోడు లేడు, ఊకె ఇచ్చినా తీస్కునేటోడు లేడు. నీ ఎనుక ఉన్నది... నీ బిడ్డొక్కతే."

స్వరూప బిడ్డను ఒడిలోకి లాక్కుని, రెండు చేతులా దాని చెవులు మూసింది.

చేను దిక్కున... నేల ఆకలితో మూలిగింది!