సగం వేగం

1995. దసరా మర్నాడు ఉదయం పది గంటల పది నిమిషాలు. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర, బాలయ్య ప్రింటింగ్ ప్రెస్సులో దొంగతనం బయటపడింది. పోయింది నగా నట్రా కాదు. కంప్యూటర్ వేగం!

పదకొండింటికి ఎస్సై అమరేందర్ వచ్చాడు. హైదరాబాద్‌లో పదిహేను రోజులు కంప్యూటర్ ట్రైనింగ్ చేసొచ్చిన పాపానికి, ఇలాంటి కేసులన్నీ ఆయన నెత్తినే పడేవి.

"వైరస్ ఎక్కిచ్చింది సార్ గీ పిల్ల," అంటూ బాలయ్య ఆపరేటర్ జాహేదాను చూపించాడు. "సెలవడిగింది, ఇయ్యలే. గా కోపం. చూడుండ్రి, ఏడుస్తలేదు, మొత్తుకుంటలేదు. తప్పు చెయ్యనోళ్లు గిట్లుంటరా? ఇయ్యాల్నే తీసేస్త."

జాహేదా గోడవైపు చూస్తూ నిలబడింది. ఆమె ఉద్యోగం మీదే ఇల్లు గడుస్తోంది. అయినా ముఖంలో భయం లేదు, కోపం లేదు.

"సెలవెందుకమ్మా?"

"అమ్మీ పోయింది సార్. ఇరవై దినాలైంది."

"ఏడ్చినవా?"

"వస్తలేదు."

అమరేందర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వైరస్ పట్టే ఫ్లాపీ వేశాడు. ఏమీ దొరకలేదు. హార్డ్ డిస్కులో ఖాళీ బోలెడుంది.

"ఈ పెండ్లిపత్రిక తెర మీదికి రానీకి మొన్న ఎంతసేపు పట్టేది?"

"ఇరవై సెకండ్లు సార్."

పత్రిక తెరిచి వాచీ చూశాడు. నలభై! ఇంకో ఫైలు తెరిచాడు. పదిహేను పట్టేదానికి ముప్పై. వైరస్ ఎక్కడైనా ఇట్లా కొలిచి సగానికి కోస్తుందా?

"నిన్న దీన్ని ఎవరు ముట్టిండ్రు?"

"నేనొక్కన్నే," అన్నాడు బాలయ్య. "ఆయుధపూజ చేసిన. బొట్లు చెరుగుతయని ఎవ్వల్నీ ముట్టనియ్యలే."

"నేనైతే బట్ట కూడ పెట్టలే సార్," అంది ఊడ్చే గుర్వమ్మ.

అమరేందర్ ముగ్గురినీ దగ్గరికి పిలిచాడు. కంప్యూటర్ డబ్బా ముందువైపు ఒక బటన్ కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని మీదా, పక్కనున్న చిన్న లైటు మీదా దట్టంగా కుంకుమ.

"ఇది టర్బో బటన్. ఒకసారి నొక్కితే పూర్తి వేగం, ఇంకోసారి నొక్కితే సగం. బాలయ్యా, బొట్టు పెడుతూ నువ్వే నొక్కినవు. లైటు ఆరింది. కుంకుమ కింద ఎవరికీ కనబడలే."

టక్‌మని నొక్కి, రుమాలుతో కుంకుమ తుడిచాడు. లైటు వెలిగింది. పత్రిక ఇరవై సెకండ్లలో వచ్చేసింది.

బాలయ్య ముఖం పాలిపోయింది.

"లైటు లేదని పొద్దుగాలనే చూసిన సేటూ," అంది జాహేదా, మామూలు గొంతుతోనే. "తుడుద్దామనుకున్న. చెయ్యి రాలే. మీ దేవుని బొట్టు నేను తుడిస్తే ఏమనుకుంటరో అని. మీకు చెప్దామనుకునేలోపే ఠాణాకు ఫోన్ చేసిండ్రు. గా తర్వాత నేను చెప్తే ఎవ్వలు నమ్ముతరు?"

కేసు తేలినా అమరేందర్‌కు సంతోషం కలగలేదు. ఈ సంగతి తానూ ఆమెను అడగలేదని సిగ్గేసింది.

బాలయ్య గబగబా కుర్చీ లాగాడు. "తప్పైంది బిడ్డా. కూసో, కూసో."

జాహేదా కూర్చోలేదు. చున్నీ తల మీదికి లాక్కుంది.

"ఇప్పుడన్నా సెలవియ్యుండ్రి సేటూ. ఇంటికి పోయి అమ్మీ కోసం జర ఏడుస్త."